పైదేశపు చిన్న సంస్థ, లంక ఊరి పసిబిడ్డ: సాయం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

క్లుప్తంగా

విదేశాల్లో నమోదైన చిన్న స్వచ్ఛంద సంస్థలు గోదావరి డెల్టాలోని బడులకూ, అప్పుడే పుట్టిన బిడ్డల వైద్యానికీ చేయదలచిన సాయం 2020 తర్వాత ఊళ్లోని చిన్న ట్రస్టుల దాకా రావడం కష్టమైంది. దానికి ప్రధాన కారణం విదేశీ విరాళాల చట్టానికి జరిగిన సవరణ. ఆ అడ్డు దాటి వచ్చిన కొద్దిపాటి డబ్బులో గదులకూ యంత్రాలకూ పోయేదానికంటే శిక్షణకూ, మరమ్మతుకూ, బిడ్డను ఇంటిదాకా వెంబడించి చూసుకోవడానికీ పోయే భాగమే ఎక్కువ ఫలితం ఇస్తుందని వైద్యరంగంలోనూ విద్యారంగంలోనూ జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు ప్రాంతాల నుంచి బ్రిటన్‌కో అమెరికాకో వెళ్లి స్థిరపడినవారు పదిమంది చేరి ఒక చిన్న సంస్థను నమోదు చేయించుకోవడం, ఏడాదికోసారి సంక్రాంతి విందు పెట్టి చందాలు పోగుచేయడం, ఆ డబ్బుతో సొంత ఊరి బడికి బెంచీలో దగ్గరి ఆసుపత్రికి పసిపిల్లలను వెచ్చగా ఉంచే వార్మరో కొనివ్వాలనుకోవడం ఇప్పుడు అరుదైన సంగతి కాదు. పుట్టిన ఊరితో ఏ సంబంధమూ లేని విదేశీయులు నడిపే చిన్న సంస్థలు కూడా ఇదే పని చేస్తుంటాయి. రెండు రకాల సంస్థలకూ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. డబ్బు సిద్ధంగా ఉంటుంది, ఊళ్లో ట్రస్టు ఉంటుంది, దానికి బ్యాంకు ఖాతా కూడా ఉంటుంది, అయినా ఆ ఖాతాకు పంపడానికి వీల్లేదని ఆడిటర్లు చెబుతారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న తల్లి కోనసీమలోని ఇంటికి నెలనెలా డబ్బు పంపితే రాని అభ్యంతరం అదే ఊరి బడికి సంస్థ పంపితే ఎందుకు వస్తుందన్నది చాలామందికి అర్థం కాని విషయం.

డెల్టాకు ఇటువంటి సాయం కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలు కాగా, అంతకు పదకొండేళ్ల ముందే, 1836లో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడ కేంద్రంగా పని ప్రారంభించారు. ఈ మిషన్ల వెంట బడులూ ఆసుపత్రులూ వచ్చాయి. వాటి మతపరమైన ఉద్దేశాల చర్చ వేరు. ఇక్కడ గమనించాల్సింది వాటి పద్ధతి. అవి డబ్బు పంపి ఊరుకోలేదు. డాక్టరునూ నర్సునూ ఉపాధ్యాయుడినీ ఏళ్ల తరబడి అక్కడే ఉంచాయి. నేటి చిన్న సంస్థ ఏడాదికి ఒకసారి వచ్చి, ఫొటోలు తీసుకుని, రెండు వారాల్లో వెనక్కి వెళ్లిపోతుంది. డబ్బుకన్నా ఈ తేడాయే పెద్దది.

ఊరివాళ్ల సొంత దాతృత్వం మరొక పాయ. లంకల గన్నవరంలో దారిన పోయే ఆకలిగొన్నవారికి వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరును రాష్ట్ర ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. ఆ దానంలో ఇచ్చే చేతికీ తీసుకునే విస్తరికీ మధ్య ఎవరూ లేరు. దేశాల సరిహద్దు దాటి వచ్చే దానం మధ్యలో కొన్ని రేవులు దాటాలి.

డబ్బు దాటాల్సిన రేవులు

మొదటి రేవు విరాళం పుట్టిన దేశంలోనే ఉంటుంది. బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాల సంస్థలను చారిటీ కమిషన్ పర్యవేక్షిస్తుంది. అక్కడ ఆదాయపు పన్ను కట్టే దాత ఒక పౌండు ఇస్తే, గిఫ్ట్ ఎయిడ్ అనే ఏర్పాటు కింద సంస్థ మరో 25 పెన్నీలను పన్ను శాఖ నుంచి రాబట్టుకోవచ్చు. ఆ రాయితీకి ప్రతిగా, డబ్బు వేరే దేశంలో ఖర్చయినా చెప్పిన పనికే ఖర్చయిందని చూపవలసిన బాధ్యత అక్కడి ట్రస్టీల మీద ఉంటుంది. కాబట్టి రసీదులూ ఫొటోలూ కావాలని వాళ్లు పదేపదే అడగడాన్ని అనుమానంగా తీసుకోనక్కర్లేదు. చట్టం వాళ్లను అలా అడిగిస్తుంది. అమెరికాలోనూ, వచ్చిన విరాళాన్ని కేవలం దాటించే గొట్టంలా కాక, దాని ఖర్చు మీద నిర్ణయాధికారం తమ చేతిలోనే ఉందని సంస్థలు చూపించుకోవాలి.

రెండో రేవు భారతదేశపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. వాడుకలో దీన్ని ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు. ఇది మొదట 1976లో వచ్చింది. దాని స్థానంలో 2010లో చేసిన కొత్త చట్టం 2011 మే 1 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం ప్రకారం విదేశీ మూలం నుంచి విరాళం తీసుకోదలచిన సంస్థ కేంద్ర హోం శాఖ దగ్గర నమోదై ఉండాలి, లేదా ఫలానా దాత ఇచ్చే ఫలానా మొత్తానికి ముందస్తు అనుమతి పొందాలి. నమోదు కావాలంటే సాధారణంగా మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయలు తన లక్ష్యాల మీద ఖర్చు చేసి ఉండాలి. నమోదు ఐదేళ్లకే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. బడి పూర్వ విద్యార్థులు కలిసి పెట్టుకున్న ట్రస్టుకు ఆ 15 లక్షల గీతే మొదటి గోడ.

అసలు మలుపు 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ. అంతకుముందు నమోదైన పెద్ద సంస్థ ఒకటి విదేశీ నిధిని తీసుకుని, దానిలో కొంత భాగాన్ని నమోదు కలిగిన మరో చిన్న సంస్థకు బదిలీ చేయగలిగేది. నమోదు లేని సంస్థకు ఇవ్వడానికి కూడా ప్రభుత్వ అనుమతితో ఒక దారి ఉండేది. పెద్ద కాలువ నుంచి పంట బోదెకు నీరు వదిలినట్టు జరిగే ఈ ఏర్పాటును సవరణ పూర్తిగా ఆపేసింది. ఇప్పుడు ఏ సంస్థ తీసుకుంటే ఆ సంస్థే ఖర్చు చేయాలి. దీనితోపాటు పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. విదేశీ విరాళం మొదట ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలన్న నిబంధన చేరింది. అక్కడి నుంచి స్థానిక బ్యాంకులోని వినియోగ ఖాతాకు మళ్లించుకోవచ్చు గానీ, స్థానిక చందాలతో దాన్ని కలపకూడదు. ఈ సవరణను సవాలు చేసిన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ వీటి చెల్లుబాటును ప్రధానంగా సమర్థించింది. విదేశీ విరాళం స్వీకరించడం నిరపేక్షమైన హక్కు కాదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం.

ప్రభుత్వం చూపిన కారణాలు పారదర్శకత, డబ్బు చివరికి ఎవరి చేతికి చేరిందో తెలియాలన్న అవసరం, దారి మళ్లింపుల నివారణ. ఇవి కల్పిత భయాలని కొట్టిపారేయలేం. సంస్థ నుంచి సంస్థకు చేతులు మారే కొద్దీ లెక్క మసకబారడం నిజమే. కానీ అదే నిబంధన ప్రభావం పెద్ద సంస్థ మీద ఒక రకంగా, చిన్న ట్రస్టు మీద మరో రకంగా పడింది. పెద్ద సంస్థకు ఆడిటరూ న్యాయవాదీ కార్యాలయ సిబ్బందీ ఉంటారు, కనుక అది నిబంధనకు తగినట్టు సర్దుకుంటుంది. ఊరి ట్రస్టు నడిపేది మాత్రం రిటైరైన హెడ్మాస్టరు. దేశవ్యాప్తంగా వివిధ కారణాలతో రద్దయిన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుల సంఖ్య 20 వేలు దాటింది. వార్షిక రిటర్నులు వేయకపోవడం కూడా అలా రద్దు కావడానికి ఒక కారణం.

గల్ఫ్ తల్లి పంపే డబ్బుకు అడ్డు లేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో సంపాదించిన సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపినది ఈ చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి విదేశీ పౌరసత్వం తీసుకుంటే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, సంస్థకు ఇచ్చే విరాళం విదేశీ విరాళమే అవుతుంది. ఒకే ఇంట్లో భర్త భారత పాస్‌పోర్టుతోనూ భార్య బ్రిటిష్ పాస్‌పోర్టుతోనూ ఉంటే, ఇద్దరూ ఒకే ట్రస్టుకు ఇచ్చే చెక్కులకు రెండు వేర్వేరు నియమాలు వర్తిస్తాయి. ఇద్దరూ కలిసి ఆ డబ్బును అక్కడ నమోదైన సంస్థలో వేస్తే, సభ్యులంతా భారత పౌరులైనా ఆ సంస్థ విదేశీ మూలమే. తేలిగ్గా పంపగలిగిన డబ్బును ముందు సంస్థలో పోసి కష్టమైన డబ్బుగా మార్చుకోవడం చాలా ప్రవాస సంఘాలు తెలియక చేసే పని. వస్తువులకు కూడా మినహాయింపు లేదు. సంస్థకు విదేశీ మూలం నుంచి వచ్చే యంత్రం ఈ చట్టం లెక్కలో విరాళమే.

ముప్పై వేల పౌండ్ల లెక్క

ఉదాహరణకు ఒక చిన్న బ్రిటిష్ సంస్థ ఏడాదికి 24 వేల పౌండ్లు పోగుచేసిందనీ, ఆ మొత్తానికీ గిఫ్ట్ ఎయిడ్ దొరికిందనీ అనుకుంటే, చేతికి వచ్చేది 30 వేల పౌండ్లు. పౌండుకు 110 రూపాయల చొప్పున అది 33 లక్షల రూపాయలు. దానిలో భారతదేశంలో పరిపాలన కింద ఖర్చు చేయగలిగేది గరిష్ఠంగా 6 లక్షల 60 వేలు. అద్దె, ఆడిట్, కార్యాలయ జీతాలు, ప్రయాణాలు అందులోనే ఇమడాలి. అయితే సంస్థ నడిపే ఆసుపత్రిలోని డాక్టరు జీతం, బడిలోని ఉపాధ్యాయుడి జీతం వంటివి పరిపాలన ఖర్చు కిందికి రావు. ఈ తేడా తెలియక కొన్ని సంస్థలు మనుషుల మీద పెట్టాల్సిన డబ్బును భయపడి వస్తువుల మీద పెడతాయి.

33 లక్షలు ఒక కుటుంబానికి పెద్ద మొత్తం, ఒక జిల్లా ఆరోగ్య వ్యవస్థకు లెక్కలోకి రాని మొత్తం. కాబట్టి చిన్న సంస్థ వ్యవస్థకు బదులుగా నిలవాలని చూస్తే ఏ మూలకూ చాలదు. వ్యవస్థలో ఉన్న ఖాళీని వెతికి అందులో పెడితే ఆ డబ్బుకు విలువ పెరుగుతుంది. అలాంటి ఖాళీలు డెల్టాలో ఎక్కడున్నాయన్నదే తర్వాతి ప్రశ్న.

పురిటి గదిలో మొదటి నిమిషం

2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 20 మంది నెల తిరగకముందే చనిపోతున్నట్టు తేలింది. ఏడాదిలోపు చనిపోయేవారి సంఖ్య వెయ్యికి 30. అంటే మొదటి ఏడాదిలో జరిగే శిశు మరణాల్లో మూడింట రెండు వంతులు మొదటి 28 రోజుల్లోనే జరుగుతున్నాయి. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల ప్రకారం 2030 నాటికి ప్రతి దేశంలోనూ ఈ నవజాత మరణాలు వెయ్యికి 12కు తగ్గాలి. ఇంటి కాన్పులను ఆసుపత్రికి తేవడమే సమస్య అయిన రోజులు పోయాయి; ఆసుపత్రికి వచ్చాక ఏం జరుగుతోందన్నది ఇప్పటి సమస్య.

మరణాలకు ప్రధాన కారణాలు మూడు: నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు. నూటికి పదిమంది బిడ్డలకు మొదటి ఊపిరి తీసుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. వారిలో చాలామందికి ఒళ్లు తుడిచి, వీపు రాసి, అవసరమైతే బ్యాగు–మాస్కుతో మొదటి నిమిషంలోపు గాలి పంపితే చాలు. ఆ బ్యాగు కొద్ది వేల రూపాయల వస్తువు, అది ఆసుపత్రుల్లో ఉంటుంది కూడా. దొరకనిది దాన్ని వాడే చేతిలోని అలవాటు. నెలకు పది కాన్పులు జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊపిరి అందని బిడ్డ నెలకు ఒకరికి మించి కనిపించకపోవచ్చు. అలాంటి చోట స్టాఫ్ నర్సు ఒకసారి శిక్షణ పొంది వచ్చినా, వాడే అవసరం రాక కొన్ని నెలల్లో చేయి మొద్దుబారుతుంది. కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన నవజాత శిశు సురక్షా కార్యక్రమం ఈ శిక్షణ కోసమే ఉంది. దాని మీద పొరగా, పురిటి గదిలోనే బొమ్మ మీద వారానికి పది నిమిషాల సాధన జరిపించే ఏర్పాటుకు ఖర్చు చాలా తక్కువ. దాతల ఫొటోల్లో బాగా కనిపించే పని కాదు గనుకనే కాబోలు, దీనికి డబ్బు అరుదుగా వస్తుంది.

తక్కువ బరువు బిడ్డల విషయంలో మరింత స్పష్టమైన ఆధారం ఉంది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు ఒక పద్ధతి మొదలుపెట్టారు. బిడ్డను తల్లి గుండెకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా గుడ్డతో కట్టి ఉంచడమే ఆ పద్ధతి. దాన్నే కంగారూ సంరక్షణ అంటున్నారు. తల్లి ఒంటి వెచ్చదనం బిడ్డ ఉష్ణోగ్రతను నిలుపుతుంది, పాలు తొందరగా పడతాయి, పలు చేతులు తగలవు గనుక ఇన్ఫెక్షన్ తగ్గుతుంది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితోపాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కిలో నుంచి 1.8 కిలోలలోపు బరువున్న బిడ్డలకు ఈ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెడితే నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. పోలిక కోసం పెట్టుకున్న బిడ్డలకు ఆలస్యంగా ఇవ్వడం న్యాయం కాదని ఆ అధ్యయనాన్ని ముందుగానే ఆపారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలను దీనికి తగినట్టు మార్చి, రోజుకు 8 నుంచి 24 గంటల పాటు ఈ సంరక్షణ ఇవ్వాలని చెప్పింది.

ఇరవై నాలుగు గంటలు బిడ్డను గుండె మీద పెట్టుకోవాలంటే తల్లికి వాలి కూర్చునే కుర్చీ, పక్కనే మంచం, మరుగు, వేళకు తిండి, కాసేపు ఆమెకు బదులు బిడ్డను కట్టుకునే అమ్మమ్మో తండ్రో లోపలికి రాగలిగే వెసులుబాటు ఉండాలి. బిడ్డ ఒక వార్డులో, కుట్లతో ఉన్న తల్లి మరో వార్డులో ఉంటే పద్ధతి తెలిసినా అమలు కాదు. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేయే చెప్పింది కనుక ఇది చిన్న చిక్కు కాదు. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోయే తీరప్రాంతంలో, కరెంటు అక్కర్లేని వెచ్చదనానికి ఉన్న విలువ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

యంత్రం వచ్చిన తర్వాత

దానంగా వచ్చిన వైద్య యంత్రాల గతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. పేద దేశాల ఆసుపత్రుల్లో ఉన్న పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయడం లేదని 2011లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది. అమెరికాలో 120 వోల్టుల మీద నడిచే వార్మరు ఇక్కడి 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలిస్తే ఆ పూటే పాడవుతుంది. నెమ్మదిగా చెడిపోయేవి ఇంకా ప్రమాదం. పుట్టు కామెర్లకు వాడే పాతరకం ట్యూబుల దీపం కంటికి వెలుగుతూనే కనిపిస్తుంది, కానీ కొంతకాలానికి దాని నీలికాంతి తీవ్రత పడిపోయి బిడ్డకు వైద్యం అందదు. కాంతిని కొలిచే మీటరు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆసుపత్రి ఆస్తుల జాబితాలో ఎక్కని యంత్రం ప్రభుత్వ నిర్వహణ ఒప్పందం కిందికి రాదు. పాడైతే బాగుచేసే దిక్కులేక మూల గదికి చేరుతుంది. దాత పేరున్న పలక మాత్రం గోడ మీద మెరుస్తూ ఉంటుంది.

డెల్టా ఉప్పుగాలి, చెమ్మ, వోల్టేజీ హెచ్చుతగ్గులు వీటికి తోడు. అందువల్ల యంత్రం ఇచ్చే సంస్థ దేశంలో దొరికే మోడలునే కొని, ఐదేళ్ల నిర్వహణ ఖర్చును ముందే పక్కన పెట్టడం మేలన్నది ఈ రంగంలో స్థిరపడిన అభిప్రాయం. ఒకటి మాత్రం అసలు ఇవ్వకూడదు. పాలడబ్బాలనూ పాలసీసాలనూ విరాళంగా పంచడాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధించింది. మినహాయింపు అనాథాశ్రమాలకే ఉంది. వరద సహాయంలో పాలపొడి పంచే ఉత్సాహవంతులకు ఈ చట్టం ఉన్నట్టు తరచూ తెలియదు. నీళ్లు కలుషితమైన వేళ సీసాపాలు బిడ్డకు రోగం తెస్తాయి, తల్లి పాలు తగ్గేలా చేస్తాయి.

పుట్టిల్లు, మెట్టినిల్లు, మధ్యలో రిజిస్టరు

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం తెలుగునాట పాత ఆచారం. గర్భిణి పేరు మెట్టినింటి ఊరి ఏఎన్‌ఎం దగ్గర నమోదై ఉంటుంది, కాన్పు పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో జరుగుతుంది, మూడో నెలకో ఐదో నెలకో బిడ్డ తిరిగి మెట్టినింటికి చేరుతుంది. 2011 నుంచి అమల్లో ఉన్న ఇంటి వద్ద నవజాత సంరక్షణ కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డను తూచి, ఒంటి వేడి చూసి, పాలు తాగుతున్నదో లేదో గమనించాలి. కానీ ఏ ఊరి ఆశా వెళ్లాలి? ఒక ఊరి జాబితాలో ఉన్న బిడ్డ మరో ఊరి ఇంట్లో పడుకుని ఉంటే రెండు ఊళ్లలోనూ ఆ సందర్శన తప్పిపోయే అవకాశం ఉంది. నది మధ్యలోని లంక గ్రామమైతే పంటు మీద దాటి వెళ్లాలి, వరద రోజుల్లో పంటు ఆగిపోతుంది. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక అమలాపురం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి దారి తగ్గింది గానీ, నది మధ్య లంకలకు ఆ సౌకర్యం చేరలేదు.

ఈ ఇంటి సందర్శనల వెనక ఉన్న ఆధారం కూడా ఒక చిన్న సంస్థ నుంచే వచ్చిందన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగిన విషయం. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతుల సంస్థ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్ల దగ్గర పసిబిడ్డలను చూసుకునేలా చేసినప్పుడు నవజాత మరణాలు, పోల్చిన గ్రామాలతో చూస్తే, సుమారు 62 శాతం తగ్గాయని 1999లో వెల్లడైంది. అదే తర్వాత జాతీయ కార్యక్రమమైంది. పుట్టిన రోజే తలంటడం, తడి ఒంటికి సాంబ్రాణి పొగ పట్టడం వంటి అలవాట్ల గురించి కరపత్రం పంచితే పెద్దగా మార్పు రాదు. ఊళ్లో తెలిసిన మనిషి ఇంటికి వచ్చి, మొదటి స్నానం ఒక రోజైనా ఆపమని అమ్మమ్మతో మాట్లాడితే వినే అవకాశం ఎక్కువ.

బడి గోడలు, బడి చదువు

బడి సాయంలో మొదటి ప్రమాదం విధానాల మార్పు. 2022లో జీవో 117 కింద ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలలకు కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి పాఠశాలలను మళ్లీ వేరే రకాలుగా విభజించారు. ఈ మధ్యలో దాత కట్టించిన గది పిల్లలు లేని గదిగా మిగిలిపోవచ్చు. ఆర్వో నీటి యంత్రాలది మరో కథ. ఎండాకాలం కాలువలు కట్టేశాక, చేపల చెరువుల నీరు కలిసిన ప్రాంతాల్లో మంచినీటి అవసరం నిజమైనదే. కానీ పొరలు మార్చే ఖర్చు ఏటా ఎవరు పెట్టాలో రాసుకోకుండా పెట్టిన యంత్రం రెండో వేసవికే మూగబోతుంది.

రెండో ప్రమాదం కంటికి కనిపించనిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లోనూ ఆఫ్రికాలోని జాంబియాలోనూ జరిపిన పరిశోధన ఒకటి 2013లో ప్రచురితమైంది. బడికి పుస్తకాలకూ సామగ్రికీ అదనపు గ్రాంటు ఇచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది తల్లిదండ్రులు పుస్తకాల మీద పెట్టే సొంత ఖర్చును ఆ మేరకు తగ్గించుకున్నారు, మార్కుల్లో తేడా కనిపించలేదు. వాళ్లు చేసింది తప్పు కాదు. బడి ఇచ్చేదాన్ని మళ్లీ కొనడం ఎందుకని ఆ డబ్బును వేరే అవసరానికి వాడుకున్నారు. అదే ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో జరిపిన మరో ప్రయోగంలో, ఒక అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడిని ఇచ్చిన బడుల్లో పిల్లల తెలుగు, లెక్కల మార్కులు మెరుగుపడ్డాయి. ఇంటివాళ్లు కొనలేనిది ఇచ్చినప్పుడే అదనం అవుతుందన్నమాట. నోటుబుక్కు ఇంటివాళ్లు కొనగలరు. మూడో తరగతి దాటినా చదవలేని పిల్లవాడి పక్కన రోజూ గంటసేపు కూర్చునే మనిషిని కొనలేరు. తల్లి కువైట్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్న ఊళ్లలో ఆ గంట మరీ అవసరం.

రెండూ కలిసే చోటు

బడి, పురిటి గది వేర్వేరు పద్దుల్లా కనిపించినా ఒకదాని ఫలితం మరోదానిలో తేలుతుంది. రాష్ట్రంలో 20–24 ఏళ్ల వయసు మహిళల్లో 29 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయిందని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పదో తరగతి తర్వాత బడి మానిన బాలిక రెండు మూడేళ్లలో తక్కువ బరువు బిడ్డకు తల్లి అయ్యే ముప్పు ఎక్కువ. ఇంటి నుంచి దూరంగా ఉన్న జూనియర్ కళాశాలకు వెళ్లే బస్సు పాసు, ఆ కోణంలో చూస్తే, నవజాత శిశు ఆరోగ్య ఖర్చే.

తిరుగు దారి ఇంకా సూటిగా ఉంటుంది. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ అవసరం. కానీ గాలిలో కలిపి సరిపాళ్లలో ఇచ్చే బ్లెండరూ, రక్తంలో ఆక్సిజన్ చూపే ఆక్సీమీటరూ లేకుండా అదుపు తప్పి ఇస్తే కంటి రెటీనాలోని రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. దీన్ని ఆర్‌ఓపీ అంటారు. కనుక ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు మాత్రమే దానం చేసి బ్లెండరు ఇవ్వకపోవడం సగం దానం కాదు, కొత్త ప్రమాదం. భారతదేశపు మార్గదర్శకాల ప్రకారం 34 వారాలలోపు లేదా రెండు కిలోలలోపు బరువుతో పుట్టిన బిడ్డ కళ్లను నాలుగు వారాలలోపు నిపుణులు పరీక్షించాలి. సమయానికి పట్టుకుంటే లేజరు వైద్యంతో చాలామంది చూపును కాపాడవచ్చు. ఆ గడువు దాటాక చేయగలిగింది తక్కువ. వినికిడి లోపానిదీ అదే తీరు. పుట్టుక లోపాలనూ ఎదుగుదల ఆలస్యాలనూ 18 ఏళ్ల దాకా గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడులకూ అంగన్‌వాడీలకూ వస్తుంది, కానీ అది వచ్చేసరికి ఆర్‌ఓపీ గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఒకటో తరగతిలో నల్లబల్ల కనిపించని పిల్లవాడి సమస్య కొన్నిసార్లు ఐదేళ్ల కిందట ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజున మొదలై ఉంటుంది.

ఆ రోజు బిడ్డ చీటీలో కంటి పరీక్ష తేదీ రాసి ఉంటుంది. తల్లి ఇంకా పచ్చి బాలింత, పుట్టిల్లు లంకలో ఉంది, కాకినాడకు ఇద్దరు మనుషులు వెళ్లిరావాలంటే కూలీ రోజు పోతుంది, బిడ్డ కళ్లు చూడటానికి బాగానే ఉన్నాయి. ఇటువంటి చోట ఒక ఫోను పిలుపు, ఒక ఆటో, ఒక రోజు కూలీ, తేదీలు వేసిన ఒక రిజిస్టరు, దాన్ని చూసే ఒక మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కటీ ప్రభుత్వ పద్దులో పూర్తిగా ఇమడదు, ఏ ఒక్కటీ 33 లక్షల సంస్థకు భారం కాదు. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉన్న ఆసుపత్రి లేదా సంస్థ ఈ పనిని తానే నేరుగా నడిపితే సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయాల్సిన అవసరం రాదు. ఈ పని చేసే మనిషి జీతాన్ని మాత్రం కార్యక్రమ ఖర్చుగా రాయాలా, పరిపాలన ఖర్చుగా రాయాలా అన్నది సంవత్సరం మొదట్లోనే ఆడిటరుతో తేల్చుకోవాలి. రిటర్ను వేసే వేళకు తేల్చుకుందామంటే 20 శాతం గీత అప్పటికే దాటిపోయి ఉండవచ్చు.